పదును పోకముందే

అక్టోబరు రెండో వారం దాటేసరికి నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి వెనుదిరుగుతాయి. మబ్బు విడిపోతుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడుతుంది. పదకొండయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. నేలలో మాత్రం వానాకాలపు తడి ఇంకా మిగిలే ఉంటుంది. ఆ తడి పైపొరలో మూడు నాలుగు వారాలకు మించి నిలవదు. తోట ఉన్నవాళ్లకు పనుల అదును సరిగ్గా ఈ వారాలే. ఆశ్వయుజం చివర మొదలై కార్తీకం నిండేదాకా ఉంటుంది ఈ అదును.

హైదరాబాదు పడమటి దిక్కున ఇప్పుడు తోట ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైంది. అక్కడి నుంచి హైటెక్ సిటీ గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడకు, కోకాపేటకు పాకింది. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, షాద్‌నగర్, వికారాబాద్ దగ్గరైపోయాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులు అటువైపు చిన్న చిన్న తోటలు కొనుక్కున్నారు. ఐదు గుంటలు, పది గుంటలు, ఓపిక ఉన్నవాళ్లు అరెకరం. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 గజాలు. శనివారం పొద్దున కారెక్కి తోటకు పోవడం, ఆదివారం సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగి రావడం వీళ్లకు అలవాటైంది. మధ్యలో ఐదు రోజులూ తోటను చూసేది అక్కడ కాపలా ఉండే దంపతులు. వాళ్లలో చాలామంది పొలం పని చేసి వచ్చినవాళ్లే. వాళ్లకు నేల సంగతి తెలుసు. యజమాని అడగడు గనక చెప్పరు.

చలి దేశాల్లో శరత్కాలం అంటే రాలిన ఆకులు ఊడ్చే కాలం. ఇంటర్నెట్‌లో దొరికే తోట క్యాలెండర్లు చాలావరకు ఆ దేశాలవే. దక్కను పీఠభూమి మీద లెక్క వేరు. ఇక్కడ ఆకు రాలేది శిశిరంలో, సంక్రాంతి వెళ్లాక. శరత్తులో చెట్లు ఆకులతో నిండుగా ఉంటాయి. ఈ కాలంలో తోటను ముంచెత్తేది గడ్డి. తోటను విడిచి వెళ్లిపోయేది తడి. అందుకే ఇక్కడి శరత్కాలపు పనులన్నీ ఆ రెండింటి చుట్టూ తిరుగుతాయి. గడ్డిని కోయాలి. ఆ గడ్డితోనే తడిని ఆపాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా పనులు ఏ వరుసలో చేయాలో దానంతటదే తెలుస్తుంది.

తడి పోవడం అంటే ఎంత పోవడం? లెక్క వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక గుంట నేల మీద ఒక్క మిల్లీమీటరు నీరు అంటే సుమారు 100 లీటర్లు. పైపొర తడిగా ఉన్న బోడి నేల నుంచి ఈ కాలంలో రోజుకు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోతుంది. అంటే గుంటకు 400 లీటర్లు. పది గుంటలకు 4,000 లీటర్లు. కొండాపూర్‌లో, మణికొండలో అపార్ట్‌మెంట్లకు వచ్చే ఒక మామూలు నీళ్ల ట్యాంకరు 5,000 లీటర్లది. తోట తడిగా, బోడిగా ఉన్నన్ని రోజులూ దాదాపు ఒక ట్యాంకరు నీళ్లు రోజూ గాలిలో కలిసిపోతున్నట్టు. ఎవరికీ కనిపించదు, ఎవరూ డబ్బు కట్టరు గనక పట్టదు. జనవరిలో బోరు నడిపి అవే నీళ్లు మళ్లీ తోడుకోవాలి.

నేల లోపలి తడి పైకి ఎలా వస్తుంది? కార్తీక దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టే వస్తుంది. వాన దెబ్బకు పైమట్టి అణిగి గట్టిపడుతుంది. ఆ గట్టి మట్టిలో వెంట్రుకల్లాంటి సన్నని సందులు ఏర్పడతాయి. అడుగున ఉన్న నీరు ఆ సందుల గుండా పైకి పాకుతుంది. ఎండ, గాలి దాన్ని ఎగరేసుకుపోతాయి. పైన రెండు అంగుళాల మట్టిని కదిలిస్తే ఆ సందులు తెగిపోతాయి. దాని మీద గడ్డి కప్పితే ఎండ తగలదు. మిగిలిన తడి వేళ్లకు దక్కుతుంది. పాత రైతులు వాన వెలిసిన వెంటనే సాళ్ల మధ్య గుంటక తోలేది ఇందుకే. కలుపు పోతుంది, తడి నిలుస్తుంది. ఒక పనికి రెండు ఫలితాలు.

వికారాబాద్, తాండూరు వైపు నల్లరేగడి నేలల్లో దీనికి సాక్ష్యం ఏటా కనిపిస్తుంది. అక్కడ రైతులు అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తుతారు, కుసుమ విత్తుతారు. చాలాచోట్ల ఆ పైరుకు నీళ్లు కట్టరు. వానాకాలంలో నేల దాచుకున్న తడితోనే పంట చేతికొస్తుంది. మంచు పడితే శనగకు మేలు అంటారు గాని, అసలు బలం నేలలోని పదునుదే.

పదును ఉందో లేదో చూసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి తీయండి. ముద్దగా పిసకండి. చేతికి జిగటగా అంటుకుంటే ఇంకా తడి ఎక్కువ. నాలుగు రోజులు ఆగాలి. ముద్ద కట్టి, కింద పడేస్తే పగిలిపోతే పదును సరిగ్గా ఉంది. ఆ రోజే పని మొదలుపెట్టాలి. ముద్దే కట్టకుండా రాలిపోతే అదును దాటింది. అప్పుడు ముందు నీళ్లు పెట్టి, ఆ తర్వాత కప్పుకోవాలి. తడి ఎక్కువగా ఉన్నప్పుడు తొక్కినా, ట్రాక్టరు దించినా మట్టి అణిగిపోయి పెంకులా తయారవుతుంది. ఆ దెబ్బ మళ్లీ వానాకాలం దాకా పోదు.

నేల రకాన్ని బట్టి ఈ అదును మారుతుంది. ఎర్ర చలక నేల తొందరగా ఆరుతుంది. పైన గట్టి పొర కడుతుంది. అక్కడ వాన వెలిసిన మూడు నాలుగు రోజుల్లోనే చూసుకోవాలి. నల్లరేగడి ఆలస్యంగా ఆరుతుంది. కాని ఆరితే నెర్రెలు విచ్చుకుంటుంది. ఆ నెర్రెల్లోంచి అడుగు తడి కూడా పోతుంది. నెర్రెలు పడకముందే పైమట్టి కదిలించాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ప్రాంగణంలోనే ఒకవైపు ఎర్ర నేల, ఇంకోవైపు నల్ల నేల ఉన్నాయి. మెట్ట సేద్యపు పరిశోధనకు అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? పక్క తోటవాళ్లు చేసినట్టే చేస్తే సరిపోతుందని అనుకోకూడదు. గట్టు దాటితే నేల మారిపోవచ్చు.

ఇక పనుల వరుస. మొదట చూడవలసింది నీటి దారులు.

నాలుగు నెలల వానలకు గట్లు కోసుకుపోతాయి. కాలువల్లో ఒండ్రు పేరుకుంటుంది. తోట చుట్టూ ఒకసారి నడవండి. గట్టు ఎక్కడ తెగిందో, నీరు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ మట్టిని కోసుకుంటూ పోయిందో మట్టి మీద గీతలు చెబుతాయి. ఆ గుర్తులు నెల తర్వాత ఉండవు. తెగిన చోట మట్టి వేసి, తడి మీద ఉండగానే తొక్కించాలి. నీరు బయటికి పోయే చోట గట్టు మీద నాలుగు రాళ్లు పేర్చితే మట్టి ఆగుతుంది, నీరు పోతుంది. గట్ల మీద మొలిచిన గరికను మాత్రం పీకకూడదు. గట్టును పట్టి ఉంచేది అదే.

రుతుపవనాలు వెళ్లాయి గనక కాలువల పని అయిపోయిందని అనుకోవడానికి లేదు. 2020 అక్టోబరు 13న బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ రోజు, ఆ రాత్రి హైదరాబాదును వాన ముంచేసింది. కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. అందుకే కాలువలు బాగుచేయడం ముందు, మిగతావి తర్వాత. ఒండ్రు తీసిన మట్టి పారేయవద్దు. అది తోటలోంచి కొట్టుకుపోయిన మంచి మట్టే. మొక్కల పాదుల్లో వేసుకోవచ్చు.

రెండో పని గడ్డి, కలుపు. చాలా తోటల్లో ఈ నెలలో గడ్డి నడుమెత్తు ఉంటుంది. పని కూడా అన్నిటికన్నా ఇదే ఎక్కువ. తప్పులు జరిగేదీ ఇక్కడే.

గడ్డిలో దిగేముందు పాముల సంగతి వినాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగూ తెలంగాణ పల్లెల్లో ఉన్నవే. ఎలుకల కోసం, కప్పల కోసం ఎత్తు గడ్డిలో తిరుగుతాయి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోవాలి. కర్రతో గడ్డిని తట్టుకుంటూ కదలాలి. రాళ్ల కుప్పల్లో, కట్టెల మోపుల కింద చెయ్యి పెట్టకూడదు. చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు వేయకూడదు. పాము కాటు వేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. పామును పట్టుకురావలసిన అవసరం లేదు. ఈ నాలుగు పాముల విషానికీ పనిచేసే మందు ఒకటే.

కలుపులో ముందుగా పట్టించుకోవలసింది వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. చిన్న తెల్లపూలు, క్యారట్ ఆకులాంటి ఆకులు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి కొందరికి తుమ్ములు, ఆయాసం తెస్తుంది. ఆకు తగిలితే చర్మం దురద పెడుతుంది. దీన్ని మిషనుతో కోస్తే లాభం లేదు. మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. నేల పదును మీద ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. పూత పట్టని మొక్కలైతే కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు. పూత పట్టినవాటిని గింజ రాలకముందే విడిగా ఒక గుంతలో వేసి మట్టితో పూడ్చేయాలి.

కలుపులో అన్నీ శత్రువులు కావు. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా చేలల్లో మొలిచే కలుపే. తంగేడు గట్ల వెంట తనంతట తాను పెరుగుతుంది. అది తెలంగాణ రాష్ట్ర పుష్పం. పశువులు పెద్దగా ముట్టవు, నీళ్లు అడగదు, ఆకు పచ్చిరొట్టగా పనికొస్తుంది. తోటను శుభ్రం చేయిస్తున్నామని జేసీబీతో తంగేడు పొదలన్నీ పీకించి, ఆ చోట నర్సరీలో కొన్న విదేశీ పొదలు నాటేవారున్నారు. డబ్బు పెట్టి నష్టం కొనుక్కోవడం అంటే ఇదే.

గడ్డిని బ్రష్ కట్టరుతో కోయించడం ఇప్పుడు మామూలైంది. కోసేవాళ్లకు కళ్లద్దాలు ఉండి తీరాలి. దారపు తల తిరిగేటప్పుడు రాళ్లు ఎగిరి వస్తాయి. చిన్న మొక్కల చుట్టూ రెండు అడుగుల మేర యంత్రాన్ని రానీయవద్దు. కొడవలితో చేత్తోనే కోయాలి. ఏడాది పెంచిన మామిడి మొక్క బెరడును దారం ఒక్క చుట్టులో వలిచేస్తుంది.

కోత ఎప్పుడు? గడ్డి గింజ పట్టకముందు. గింజ రాలాక కోస్తే వచ్చే ఏటి గడ్డిని చేతులారా విత్తినట్టే. గడ్డి మందు కొట్టేస్తే పోదా అనుకునేవారూ ఉన్నారు. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పడిన వాన నీరు మూసీ, ఈసీ వాగుల దారిన ఉస్మాన్‌సాగర్‌కు, హిమాయత్‌సాగర్‌కు చేరుతుంది. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా కట్టిన జలాశయాలవి. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఆ వాగుల పరీవాహకంలో ఉన్న తోటలో మందు కొట్టేముందు ఈ సంగతి గుర్తుకు రావాలి. పైగా మందుతో చచ్చిన గడ్డిని పాదుల్లో కప్పడానికి వాడలేము. కోసిన గడ్డిని వాడగలం.

కోసిన గడ్డిని తగలబెట్టడం మరో అలవాటు. కుప్ప వేసి అగ్గిపుల్ల గీస్తే అరగంటలో నేల శుభ్రంగా కనిపిస్తుంది. ఆ అరగంటలో పోయేది రేపు నేలను కప్పవలసిన దుప్పటి. మిగిలే బూడిదలో కొంత పొటాష్ ఉంటుంది. నత్రజని పొగలో పోతుంది. మట్టికి కావలసిన సేంద్రియ పదార్థం మొత్తం పోతుంది. కాల్చవద్దు. ఒక్క గడ్డిపోచనూ కాల్చవద్దు.

మూడో పనే అసలు పని. కదిలించి కప్పడం.

ముందు చెట్టు పాదు ఎంత ఉండాలో చూద్దాం. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎంత మేర పడుతుందో అంత. నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా ఆ నీడ అంచు దాకా ఉంటాయి. చాలా తోటల్లో మొక్క నాటిన రోజు చేసిన చిన్న పాదే మూడేళ్లయినా ఉంటుంది. చెట్టు పెరుగుతుంది, పాదు పెరగదు. పాదును ఏటా ఈ నెలలో వెడల్పు చేయాలి. పారతోనో చిన్న పలుగుతోనో పైమట్టిని రెండు అంగుళాలు కదిలించాలి. అంతకన్నా లోతు వద్దు, వేళ్లు తెగుతాయి. చివికిన పశువుల ఎరువు ఉంటే ఒక తట్ట చల్లి మట్టిలో కలపాలి.

ఆ తర్వాత కోసిన గడ్డి. పచ్చిగా వేయకండి. రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి వేయాలి. లేకపోతే గరిక, తుంగ వంటివి పాదులోనే మళ్లీ వేళ్లూనుతాయి. ఆరిన గడ్డిని నాలుగు వేళ్ల మందాన పరచాలి. చెట్టు మొదలుకు జానెడు దూరం వదలాలి. ఈ జానెడు మరిచిపోకండి. మొదలుకు ఆనించి వేస్తే బెరడు కుళ్లుతుంది, ఎలుకలు చేరతాయి. ఎర్ర నేలల్లో చెదలు కూడా ఎక్కువ. ఎండుగడ్డి వేస్తే చెదలు వస్తాయని కొందరు అసలు కప్పడమే మానేస్తారు. చెద పురుగు మొదట తినేది ఎండు గడ్డినే. గడ్డికీ మొదలుకూ మధ్య ఖాళీ నేల ఉంటే, చెద చెట్టు ఎక్కేటప్పుడు కట్టే మట్టి గూడు కంటికి కనిపిస్తుంది. కనిపించగానే దులిపేయవచ్చు. ఖాళీ లేకపోతే కనిపించదు. ప్రమాదం అక్కడే ఉంది. కాబట్టి మళ్లీ చెప్పుకుందాం. మందం నాలుగు వేళ్లు. మొదలుకు దూరం జానెడు.

సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్యం చేసేవారు దీన్ని ఆచ్ఛాదన అంటారు. నర్సరీవాళ్లు మల్చింగ్ అంటారు. కూరగాయల సాళ్ల మీద వెండి రంగు ప్లాస్టిక్ షీటు వేస్తున్నారు గదా, అదీ ఇదే పని చేస్తుంది. కాని రెండు ఎండాకాలాలకు ఆ షీటు చిరిగి పేలికలై మట్టిలో కలుస్తుంది. ఏరడం ఎవరి తరమూ కాదు. గడ్డి చివికితే ఎరువవుతుంది.

తోటలో గడ్డి చాలకపోతే? నవంబరులో చుట్టుపక్కల వరికోతలు మొదలవుతాయి. హార్వెస్టరుతో కోసిన మడుల్లో వరిగడ్డి మిగిలిపోతుంది. రైతును అడిగి కొనుక్కోవచ్చు. అతను కాల్చేసేదాన్ని కొంటే అతనికీ నాలుగు డబ్బులు వస్తాయి. అపార్ట్‌మెంటులో ఊడ్చిన ఎండాకులను సంచుల్లో నింపి కారు డిక్కీలో తోటకు తీసుకెళ్లేవారూ ఉన్నారు. నవ్వుకునే పని కాదు. చెత్తబండిలో పోయేది చెట్టుకు పోతుంది. దీర్ఘకాలపు ఉపాయం గ్లిరిసీడియా. వానాకాలంలో గట్ల వెంట నాటుకుంటే ఏటా కొమ్మలు కొట్టి ఆకు కప్పుకోవచ్చు. పప్పుజాతి చెట్టు గనక ఆ ఆకులో నత్రజని ఎక్కువ. సంతోష్‌నగర్‌లో ఉన్న కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, గట్ల మీద గ్లిరిసీడియా పెంపకాన్ని చాలా కాలంగా సిఫార్సు చేస్తోంది. గింజ పట్టిన గడ్డి, పాదుకు పనికిరాని చెత్త కంపోస్టు గుంతకు పోవాలి. మూడు తట్టలు ఎండుది, ఒక తట్ట పచ్చిది, పైన కాస్త పేడనీళ్లు. అదే వరుసలో గుంత నింపి తడి ఆరకుండా చూస్తే చాలు.

నీళ్ల సంగతి ఇప్పుడు. కొత్తగా జూన్, జులైలో నాటిన మొక్కలకు ఇది మొదటి ఎండు కాలం. వాటి వేళ్లు ఇంకా లోతుకు పోలేదు. రోజూ మగ్గుడు నీళ్లు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. కప్పిన పాదులో వారం పది రోజులకోసారి, నేల లోతుగా తడిసేలా పెట్టడం మేలు. గడ్డిని పక్కకు జరిపి వేలు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు.

కాపుకొచ్చిన మామిడి విషయంలో దీనికి పూర్తిగా విరుద్ధం. బంగినపల్లి గానీ దసేరి గానీ హిమాయత్ గానీ, డిసెంబరు, జనవరిలో పూత రావాలంటే అంతకు ముందు రెండు మూడు నెలలు చెట్టు ఎండకట్టాలి. ఆ కరువులోనే పూమొగ్గ తయారవుతుంది. అక్టోబరులో, నవంబరులో ప్రేమకొద్దీ నీళ్లు పెడితే చెట్టు ఎర్రటి కొత్త చిగురు వేస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది. ఆ కొమ్మకు ఆ ఏడు పూత తగ్గిపోతుంది. ఇదే నెలలో కొమ్మలు కత్తిరించినా అంతే. కత్తిరింపు కాయ కోసిన వెంటనే, జూన్, జులైలో చేయవలసిన పని. కాబట్టి కాపు మామిడి కింద ఇప్పుడు కలుపు తీసి, పైమట్టి కదిలించి వదిలేయాలి. గడ్డి కప్పడం, నీళ్లు పెట్టడం పిందె బఠాణీ గింజంత అయ్యాకే.

ఈ తప్పు ఎక్కువగా జరిగేది డ్రిప్ ఉన్న తోటల్లో. బోరు మోటారును ఫోన్‌తో నడిపే పరికరాలు వచ్చాయి. గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని బటన్ నొక్కితే చేవెళ్లలో నీళ్లు పారతాయి. వేసవిలో పెట్టిన టైమరు అక్టోబరులోనూ అలాగే నడుస్తూ ఉంటుంది. మామిడికీ పోస్తుంది, జామకూ పోస్తుంది, వాన కురుస్తున్నప్పుడూ పోస్తుంది. నేల పదును ఫోనులో కనిపించదు. మామిడి వరుసలకు వాల్వు విడిగా ఉండాలి. లేకపోతే ఈ నెలలోనే పెట్టించుకోండి.

డ్రిప్ పైపులకు చేయవలసినవి రెండు మూడు పనులే. ఫిల్టరు జాలీ విప్పి కడగాలి. పైపుల చివరి మూతలు తీసి, తేట నీరు వచ్చేదాకా వదలాలి. వానాకాలమంతా వాడని పైపుల్లో మట్టి, పాచి పేరుకుని ఉంటాయి. ఉడతలు, ఎలుకలు కొరికిన చోట్లు చూసుకోవాలి. డ్రిప్పర్ల మీద తెల్లటి పెచ్చు కడితే బోరు నీటిలో సున్నం ఎక్కువని అర్థం.

చలి మొదలయ్యే ఈ రోజులు ఆకుకూరలకు మంచివి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి ఇప్పుడు చల్లితే నెలా నెలన్నరలో కోతకు వస్తాయి. క్యారట్‌కు మరికొంత ఓపిక కావాలి. ఎకరాల లెక్కన వద్దు. వారానికి ఒక్కరోజే వచ్చేవాళ్లకు మంచమంత మడులు రెండు చాలు. ఒకటి ఈ వారం, ఇంకోటి రెండు వారాల తర్వాత చల్లుకుంటే కోత ఆగకుండా సాగుతుంది.

మట్టి పరీక్ష చేయించాలనుకుంటే ఎరువులు వేయకముందే నమూనా తీయాలి. తోటలో ఎనిమిది పది చోట్ల, జానెడు లోతున, వి ఆకారంలో గుంత తీసి దాని అంచు నుంచి పలుచగా మట్టి గీయాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ పోవాలి. చివరకు అరకిలో మిగిలితే అది నమూనా. గట్టు పక్కన, చెట్టు నీడన, ఎరువు కుప్ప పోసిన చోట తీయకూడదు.

కంచె చుట్టూ తిరిగి రాతి కడీలు వానకు వంగాయేమో, తీగ సడలిందేమో చూసుకోవడానికి ఒక పూట చాలు. నేల మెత్తగా ఉన్నప్పుడే కడీని నిలబెట్టి రాళ్లు దట్టించాలి. ఎండాక గడ్డపార కూడా దిగదు. అడవి పందుల కోసం కంచెకు ఇంటి కరెంటు తగిలించడం నేరం. మనుషులు, మూగజీవాలు చనిపోయిన సంగతులు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. సోలార్ కంచెలో కరెంటు ఆగి ఆగి, క్షణకాలం పాటే వస్తుంది. జంతువు బెదురుతుంది గాని చావదు. ఆ పద్ధతిలో తయారైన యంత్రాన్నే వాడాలి.

చివరి పని మంటకు అడ్డుగీత. ఇప్పుడు పచ్చగా ఉన్న గడ్డి జనవరికి ఎండి చితుకులా మారుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లు విసిరిన బీడీ ముక్క చాలు. తోట చుట్టూ కంచెకు లోపల ఆరు నుంచి పది అడుగుల వెడల్పున గడ్డి పూర్తిగా చెక్కేసి, మట్టి కనిపించేలా ఉంచాలి. తోటంతటా కప్పమని చెప్పింది ఈ అంచుకు వర్తించదు. ఇక్కడ నేల బోడిగానే ఉండాలి. రోడ్డు వైపు ఇంకాస్త వెడల్పు ఉంటే మంచిది. కప్పిన పాదులకూ ఈ గీతకూ మధ్య ఎండుగడ్డి కుప్పలు ఉంచకండి. వంట కోసమో చలి కాచుకోవడానికో మంట వేస్తే, ఆరేదాకా పక్కన ఒక మనిషీ రెండు బకెట్ల నీళ్లూ ఉండాలి. నిప్పు అదుపు తప్పితే 101కి ఫోన్ చేయాలి. నేల గట్టిపడితే ఈ గీత చెక్కడానికి కూలి రెట్టింపు అవుతుంది. గడ్డి ఎండకముందే, భోగి మంటల రోజులు రాకముందే ఇది పూర్తి చేయించుకోండి.